పరిరక్షణ ప్రణాళికలో విద్యార్థి బృందాలు: నర్మదా యాత్ర (1983) నుండి కంచ గచ్చిబౌలి (2025) వరకు

వ్యాససంగ్రహం:
ప్రకృతి పరిరక్షణ ప్రణాళికల చరిత్రలో ప్రభుత్వ శాఖలు, శాస్త్రవేత్తలు, న్యాయస్థానాల పాత్ర గురించి విస్తృతంగా చర్చ జరిగింది. విద్యార్థి బృందాల అధ్యయనాలకు ఆ చర్చలో తగిన చోటు దక్కలేదు. 1983లో ఢిల్లీ విద్యార్థులు నర్మదా లోయలో చేసిన అధ్యయన యాత్రను కేంద్రంగా తీసుకుని, అటువంటి సమష్టి అధ్యయనం ప్రణాళికా పత్రంగా, చట్టబద్ధమైన రిజిస్టరుగా, చివరకు మార్కుల ప్రాజెక్టుగా రూపాంతరం చెందిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అధ్యయనం ఎవరిని ఉద్దేశించి రాశారన్నదే దాని ఫలితాన్ని నిర్ణయించిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: విద్యార్థి బృందం, నర్మదా లోయ, కల్పవృక్ష్, ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు, క్షేత్రపర్యటన, కంచ గచ్చిబౌలి.

1. ప్రవేశిక

డిగ్రీ కళాశాలలో 'ప్రాజెక్టు' అనే మాట వినగానే ఐదారుగురు విద్యార్థుల పేర్లున్న ముఖపత్రం, కొన్ని ఛాయాచిత్రాలు, స్పైరల్ బైండింగ్, చివర అధ్యాపకుని సంతకం గుర్తుకు వస్తాయి. ఊరి చెరువు మీదనో, పక్కనున్న గుట్ట మీదనో అటువంటి నివేదికలు ప్రతి సంవత్సరం తయారవుతూనే ఉన్నాయి. మూల్యాంకనం ముగిసిన తరువాత అవి విభాగం అల్మరాలో చేరతాయి. చెరువుకు సంబంధించిన నిర్ణయం తీసుకునేవారెవరూ వాటిని చదవరు. చదవాలన్న ఆలోచన వాటి రచనలోనే ఉండదు.

విద్యార్థి అధ్యయనం మొదటినుండీ ఇలాగే ఉండేదని అనుకోవడం పొరపాటు. పర్యావరణ ప్రభావ మదింపు మన దేశంలో చట్టపరమైన బాధ్యత కాకముందే, ఒక మహా ప్రాజెక్టుపై ఆ పనిని విద్యార్థులు సొంతంగా చేపట్టిన సందర్భం ఉంది. మార్కుల కోసమో, పట్టా కోసమో కాకుండా, ఎవరూ అడగకుండానే చేసిన పని అది.

2. రిడ్జ్ నుండి నర్మద దాకా

ఆరావళి పర్వతశ్రేణి ఉత్తర కొస ఢిల్లీ నగరంలో రిడ్జ్ అడవిగా మిగిలింది. 1979లో ఆ అడవిని కాపాడాలని కొందరు పాఠశాల, కళాశాల విద్యార్థులు పూనుకున్నారు. ఆ ప్రయత్నం నుండి 'కల్పవృక్ష్' అనే బృందం పుట్టింది. నగరంలోని అడవితో మొదలైన ఆసక్తి త్వరలోనే చిప్కో ఉద్యమం నడుస్తున్న హిమాలయ గ్రామాలవైపు మళ్లింది. చెట్టును గురించి అడిగితే అక్కడి స్త్రీలు కట్టెల గురించి, నీటి గురించి, తమ శ్రమ గురించి చెప్పారు. అడవిని పక్షులూ చెట్లూ ఉన్న చోటుగా మాత్రమే చూసే నగర దృష్టి ఇటువంటి పరిచయాలతో మారిందనుకోవచ్చు. నర్మదా నివేదిక స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఈ నేపథ్యం అవసరం.

నర్మద అమరకంటక్ వద్ద పుట్టి, సుమారు 1,312 కిలోమీటర్లు పశ్చిమంగా ప్రవహించి భరూచ్ సమీపంలో సముద్రంలో కలుస్తుంది. నదీజలాల పంపకంపై రాష్ట్రాల మధ్య తలెత్తిన వివాదాన్ని తీర్చడానికి 1969లో ఏర్పడిన ట్రిబ్యునల్, 1979 డిసెంబరులో తుది తీర్పును వెలువరించింది. దాని ప్రకారం సర్దార్ సరోవర్ ఆనకట్ట ఎత్తు 455 అడుగులు. లోయ మొత్తానికి వేసిన పథకంలో 30 పెద్ద ఆనకట్టలు, 135 మధ్యతరహావి, 3,000 చిన్నవి ఉన్నాయి. ట్రిబ్యునల్ ముందు వాదించిన పక్షాలన్నీ రాష్ట్రప్రభుత్వాలే. మునిగిపోయే గ్రామాలకు అక్కడ పక్షం లేదు. భూమి కోల్పోయినవారికి భూమినే ఇవ్వాలన్న నిబంధన తీర్పులో ఉన్న మాట నిజం. ఆ నిబంధనకు ఆధారమైన లెక్కలను మాత్రం రాష్ట్రాలే సమర్పించాయి.

1983 నాటి చట్టాల పరిస్థితిని కూడా గమనించాలి. అటవీ సంరక్షణ చట్టం వచ్చింది 1980లో. కేంద్రంలో పర్యావరణ శాఖ ఏర్పడిందీ ఆ సంవత్సరమే. భారీ ప్రాజెక్టులకు పర్యావరణ ప్రభావ మదింపును తప్పనిసరి చేసిన ప్రకటన మాత్రం 1994 జనవరి 27న వచ్చింది. ప్రభావిత ప్రజల అభిప్రాయం వినే బహిరంగ విచారణ మరో మూడేళ్లకు, 1997లో, తప్పనిసరి అయింది. అంటే నర్మదా లోయ ప్రజలను "ఈ ఆనకట్ట గురించి మీకేం తెలుసు? మీకేం చెప్పారు?" అని అడిగే బాధ్యత 1983లో చట్టరీత్యా ఎవరి మీదా లేదు.

ఆ ఏడాది వర్షాకాలంలో కల్పవృక్ష్ సభ్యులు, ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని హిందూ కళాశాల ప్రకృతి సంఘం విద్యార్థులు కలిసి లోయలో సుమారు 50 రోజులు పర్యటించారు. నర్మద చుట్టూ ప్రదక్షిణ చేసే పరిక్రమ ఆ లోయలో ప్రాచీన సంప్రదాయం. నదివెంట నడిచే బాటసారులు అక్కడి గ్రామాలకు కొత్త కాదు. ఈ బాటసారులు తీర్థయాత్రికులు కారన్నదే తేడా. మునగబోయే గ్రామాల ప్రజలతోనూ, ప్రాజెక్టు అధికారులతోనూ వారు మాట్లాడారు. ఒకే విషయాన్ని కార్యాలయంలోనూ గ్రామంలోనూ అడిగి, రెండు సమాధానాలనూ పక్కపక్కన పెట్టడం ఆ అధ్యయనపు పద్ధతి. పరిశోధనా పద్ధతుల పుస్తకాలు దీనికి గంభీరమైన పేర్లు పెడతాయి. ఆచరణలో మాత్రం ఓపిగ్గా నడవడం, విన్నదాన్ని విన్నట్టు రాసుకోవడమే ఆ పద్ధతిలో ముఖ్యభాగం.

3. నివేదిక చెప్పినది, చెప్పలేకపోయినది

ఆశిష్ కొఠారి, రాజీవ్ భర్తరి పేర్లతో ఆ నివేదిక 1984 జూన్‌లో 'ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో వెలువడింది. ప్రాజెక్టు అభివృద్ధా, విధ్వంసమా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టుకున్న ఆ వ్యాసం అడవుల మునక, నిర్వాసితుల పునరావాసం, పర్యావరణ అధ్యయనాల కొరత వంటి అంశాలను విడివిడిగా కాకుండా ఒకే సమస్యగా చూసింది. అప్పటికి ఇంజినీరింగు నివేదికల్లో అడవి ఒక నష్టపరిహారపు పద్దు, గ్రామం మరొక పద్దు. రెంటికీ మధ్య ఉన్న సంబంధం, అంటే అడవి పోతే గ్రామం పొలంతోపాటు మేత, కట్టెలు, చేప, మందుమొక్కలు కూడా కోల్పోతుందన్న సంగతి, ఏ పద్దులోకీ రాదు.

ఇది పరిరక్షణ ప్రణాళికే అవుతుందా, కేవలం విమర్శా అన్న సందేహం సహజం. ప్రణాళిక అంటే ఏమి కట్టాలో, ఏమి నాటాలో చెప్పేదే అనుకుంటే ఇది విమర్శే. ఒక ప్రాంతంలో ఏమున్నదో, దానిపై ఎవరు ఆధారపడ్డారో, నిర్ణయానికి ముందు ఏమి తెలియాలో క్రమబద్ధంగా చెప్పడం ప్రణాళికలో తొలి మెట్టు అనుకుంటే, నర్మద విషయంలో ఆ మెట్టుపై తొలిదశలోనే అడుగుపెట్టినవారిలో ఈ విద్యార్థులు ఉన్నారు.

తరువాతి పరిణామాలు తెలిసినవే. 1985లో ప్రపంచబ్యాంకు 45 కోట్ల డాలర్ల రుణానికి ఒప్పందం కుదుర్చుకుంది. 1987 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ షరతులతో అనుమతినిచ్చింది. పూర్తికావలసిన అధ్యయనాలు ఇంకా మిగిలే ఉన్నాయని ఆ షరతులే అంగీకరించాయి. ప్రపంచబ్యాంకు నియమించిన బ్రాడ్‌ఫర్డ్ మోర్స్ సంఘం 1992లో పునరావాసం, పర్యావరణం రెండు విషయాల్లోనూ తీవ్రమైన లోపాలను ఎత్తిచూపింది. 1993 మార్చిలో భారత ప్రభుత్వం మిగిలిన రుణాన్ని వదులుకుంది. 2000 అక్టోబరు 18న సర్వోన్నత న్యాయస్థానం నిర్మాణాన్ని కొనసాగించడానికి మెజారిటీ తీర్పుతో అనుమతించింది. ఈ గొలుసుకంతటికీ విద్యార్థుల నివేదికే కారణమంటే అతిశయోక్తి. లోయలో ఏళ్లపాటు సాగిన ప్రజా ఉద్యమమే ప్రధాన శక్తి. అయితే 1987లో ప్రభుత్వ షరతులు ఒప్పుకున్న అధ్యయనాల లోటును 1984లోనే అచ్చులో పెట్టినవారిలో కళాశాల విద్యార్థులు ఉన్నారన్నది చరిత్ర నమోదు చేయవలసిన విషయం.

నివేదికకున్న పరిమితినీ చెప్పాలి. అది ఆంగ్లంలో వెలువడింది. దాని పాఠకులు ఢిల్లీ, బొంబాయి నగరాల మేధావులు, అధికారులు. భిల్లు, భిలాల గ్రామాల ప్రజలు చెప్పినది వారు చదవలేని భాషలోకి వెళ్లింది. ఒక రకంగా అదే దాని బలం. నిర్ణయం తీసుకునేవారు చదివే భాషలో, చదివే పత్రికలో అచ్చయింది కనుకనే దానిని విస్మరించడం కష్టమైంది. బలహీనత కూడా అక్కడే ఉంది. సమాచారం ఇచ్చినవారు ఆ సమాచారానికి యజమానులు కాలేకపోయారు. ఈ భాషా సమస్య తరువాతి దశలన్నింటిలోనూ వెంటాడింది. దీనిని గురించి పర్యావరణ చరిత్రకారుల కంటే భాషాశాఖలవారు ఎక్కువగా ఆలోచించి ఉండవలసింది.

4. విద్యార్థులే ప్రణాళికాకర్తలైనప్పుడు

నర్మదా యాత్రలో అలవడిన పద్ధతి విద్యార్థి దశతో ముగిసిపోలేదు. భారత ప్రభుత్వ పాలనా సంస్థ తరఫున ఆశిష్ కొఠారి, మరి ముగ్గురు రచయితలు దేశంలోని జాతీయ పార్కులు, అభయారణ్యాల నిర్వహణపై 1989లో ఒక స్థితి నివేదికను ప్రచురించారు. సర్వేకు సమాధానమిచ్చిన రక్షిత ప్రాంతాల్లో 69 శాతం చోట్ల లోపల మనుషులు నివసిస్తున్నారని, 64 శాతం చోట్ల ప్రజలకు హక్కులో, కౌళ్లో, రాయితీలో ఉన్నాయని ఆ నివేదిక తేల్చింది. మనుషులు లేని అడవి అన్న భావనపై నడుస్తున్న వన్యప్రాణి ప్రణాళికకు ఈ సంఖ్యలు ఇబ్బంది కలిగించాయి. నల్లమలలో చెంచు పెంటల సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ప్రణాళికా పత్రంలోకి చేరాలంటే ఎవరో ఒకరు అడిగి, లెక్క రాసి, అచ్చువేయాలి.

ఈ శతాబ్ది ఆరంభంలో జాతీయ జీవవైవిధ్య వ్యూహం, కార్యాచరణ ప్రణాళిక తయారీకి కేంద్ర ప్రభుత్వం పూనుకున్నప్పుడు సాంకేతిక సమన్వయ బాధ్యతను కల్పవృక్ష్‌కే అప్పగించింది. ఇరవయ్యేళ్ల క్రితం రిడ్జ్ అడవి కోసం రోడ్డెక్కిన విద్యార్థి బృందం దేశానికి ప్రణాళిక రాసే స్థానానికి చేరింది. ఢిల్లీలో ఒక్క పత్రం రాసి సరిపెట్టకుండా రాష్ట్రాలు, స్థానిక ప్రాంతాలు, జీవావరణ మండలాలు, అంశాల వారీగా 70కి పైగా ప్రణాళికలను తయారుచేయించారు. వాటిలో దక్కను ప్రాంత ప్రణాళిక జహీరాబాదు పరిసరాల్లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో రూపొందింది. సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై విత్తనాలను ఊరూరా ఊరేగించే పాతపంటల జాతర అక్కడ ప్రజాభిప్రాయ సేకరణకు వేదిక అయింది. జొన్న, కొర్ర, అనుము, పెసర వంటి పంటల మీద దళిత మహిళా రైతులు తెలుగులో చెప్పిన మాట ఒక జాతీయ ప్రణాళికకు ముడిసరుకు కావడం చెప్పుకోదగిన ఘట్టం. నర్మదా నివేదికలో కనిపించిన భాషాదూరం ఇక్కడ కొంత తగ్గింది.

ఫలితం మాత్రం నిరాశ కలిగించింది. సిద్ధమైన తుది నివేదికను మంత్రిత్వశాఖ జాతీయ ప్రణాళికగా స్వీకరించలేదు. 2005లో కల్పవృక్ష్ దానిని స్వయంగా ప్రచురించుకుంది. ప్రభుత్వం తన సొంత జాతీయ జీవవైవిధ్య కార్యాచరణ ప్రణాళికను 2008లో వెలువరించింది. బయట నిలబడి రాసిన 1984 నాటి నివేదికను ప్రభుత్వం ఆపలేకపోయింది. తానే రాయించుకున్న నివేదికను మాత్రం పక్కన పెట్టగలిగింది.

5. పట్టిక, రిజిస్టరు, మార్కులు

ఉద్యమ ధోరణికి భిన్నంగా, శాస్త్రీయ నమోదు వైపు నుండి మరొక ధార సాగింది. 1990లలో మాధవ్ గాడ్గిల్ చొరవతో ఏర్పడిన పశ్చిమ కనుమల జీవవైవిధ్య జాలంలో కళాశాల అధ్యాపకులు, విద్యార్థులు భాగస్వాములయ్యారు. వృక్షశాస్త్ర ప్రయోగశాలలో ఆకులను ఎండబెట్టే పనికి బదులుగా, తమ కళాశాల చుట్టూ ఉన్న భూభాగంలో ఏమున్నదో, అది ఎలా మారుతున్నదో నమోదు చేయడం అక్కడి పని. విద్యార్థులు క్షేత్రంలో ఉపయోగించుకునే సచిత్ర గ్రంథాల కోసం భారతీయ విజ్ఞాన అకాడమీ 'లైఫ్‌స్కేప్' పథకాన్ని చేపట్టింది. ఆ వరుసలో దక్షిణ భారత సీతాకోకచిలుకలపై కృష్ణమేఘ్ కుంటె రాసిన పుస్తకాన్ని 2000లో హైదరాబాదుకు చెందిన యూనివర్సిటీస్ ప్రెస్ ప్రచురించింది.

ఈ ధారకు చట్టరూపం 2002 నాటి జీవవైవిధ్య చట్టంలో దొరికింది. ప్రతి స్థానిక సంస్థ ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పరచాలని చట్టం చెప్పింది. స్థానిక ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారుచేయడమే ఆ కమిటీ ముఖ్యవిధి అని 2004 నాటి నిబంధనలు పేర్కొన్నాయి. ఒక దశాబ్దం పాటు పని మందకొడిగా సాగింది. 2019 ఆగస్టులో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా విధించి, ఆ పైన ఆలస్యం చేసే రాష్ట్రాలు నెలకు 10 లక్షల రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. దానితో రిజిస్టర్ల సంఖ్య వేగంగా పెరిగింది. ఊరివారితో కూర్చుని ఋతువుల వెంట రాయవలసిన పత్రాన్ని గడువు లోపల నింపాలంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

రిజిస్టరు నమూనాలో స్థానిక నామానికి ఒక గడి, శాస్త్రీయ నామానికి ఒక గడి ఉంటాయి. మొదటి గడిని తేలికగా తీసుకోవడం పరిపాటి. కానీ చిల్లచెట్టు అన్న పేరు వెంట దాని గింజతో బురదనీటిని తేర్చే తెలివి వస్తుంది. తునికి అంటే బీడీ ఆకు కూలి కూడా గుర్తుకు వస్తుంది. ఒకే చెట్టుకు సార, మొర్రి అని ప్రాంతాన్నిబట్టి పేర్లు మారినప్పుడు, ఆ చెట్టుతో ఏ ప్రాంతంవారికి ఎటువంటి సంబంధమో అడగడానికి ఒక దారి దొరుకుతుంది. తెలుగు చదివే విద్యార్థులను ఈ పనికి దూరంగా ఉంచి, జీవశాస్త్ర విద్యార్థులకే పరిమితం చేయడం వల్ల రిజిస్టర్లు ఎంత నష్టపోయాయో ఎవరూ లెక్కించలేదు. మాండలిక పదసేకరణలో మన విశ్వవిద్యాలయ తెలుగు శాఖలకున్న అనుభవం తక్కువది కాదు.

తరగతి గదిలోకి ఈ విషయం మరో దారిలో వచ్చింది. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సర్వోన్నత న్యాయస్థానం పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయాలని ఆదేశించింది. ఆ ఆదేశాల అమలుగా విశ్వవిద్యాలయ నిధుల సంఘం డిగ్రీ విద్యార్థులందరికీ ఆరునెలల పర్యావరణ పాఠ్యాంశాన్ని రూపొందించింది. దీనికి ఎరాక్ భరూచా రాసిన పాఠ్యపుస్తకం కూడా హైదరాబాదు యూనివర్సిటీస్ ప్రెస్ నుండే వచ్చింది. మొత్తం 50 ఉపన్యాసాలు. వాటిలో ఎనిమిదవ భాగమైన క్షేత్రపనికి కేటాయించిన సమయం ఐదు ఉపన్యాసాలకు సమానం. నది, అడవి, పచ్చికబయలు, కొండ వంటి స్థానిక పర్యావరణ సంపదను నమోదు చేయడం, కలుషిత ప్రదేశాన్ని దర్శించడం, సాధారణ మొక్కలు, కీటకాలు, పక్షులను పరిశీలించడం అందులో ఉన్నాయి. దానికి 25 మార్కులు.

పాఠ్యప్రణాళిక రాసినవారి ఉద్దేశాన్ని శంకించనవసరం లేదు. నర్మదా విద్యార్థులకు 50 రోజులు పట్టిన పనికి ఇక్కడ ఐదు గంటలు దక్కాయి. అంతకన్నా పెద్ద తేడా మరొకటి ఉంది. నర్మదా నివేదికను చదివి దానితో విభేదించగల పాఠకులుండేవారు. క్షేత్రపని నివేదికకున్న ఏకైక పాఠకుడు మార్కులు వేసే అధ్యాపకుడు. అతనికి ఆ చెరువుతో పేచీ ఏమీ లేదు. ఆంధ్రప్రదేశ్ కళాశాలల్లోని సామాజిక సేవా ప్రాజెక్టు, తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లోని 'జిజ్ఞాస' అధ్యయన ప్రాజెక్టులు ఈ పరిధిని కొంత విస్తరించాయి. విద్యార్థులు బృందాలుగా ఊళ్లలోకి వెళ్తున్నారు. వారి నివేదికలు గ్రామసభ ముందుకో, జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ముందుకో వెళ్లే మార్గం మాత్రం ఇంకా పాఠ్యప్రణాళికలో భాగం కాలేదు. ఒకే పంచాయతీలో ఒక పక్క కమిటీకి రిజిస్టరు రాసేవారు దొరకక, మరో పక్క విద్యార్థులు రాసిన చెరువు నివేదిక అల్మరాలో ఉండిపోయే స్థితి ఏర్పడటానికి ఇందువల్లనే అవకాశం కలిగింది.

6. కంచ గచ్చిబౌలి

పాఠ్యప్రణాళికకు బయట జరిగిన విద్యార్థి నమోదు ఏమి చేయగలదో ఇటీవల హైదరాబాదులోనే కనిపించింది. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి 1970లలో 2,300 ఎకరాలకు పైగా భూమి కేటాయించారు. దానికి ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలపై రాష్ట్రప్రభుత్వానికీ ఒక ప్రైవేటు సంస్థకూ మధ్య సాగిన వ్యాజ్యం 2024లో ప్రభుత్వానికి అనుకూలంగా ముగిసింది. 2025 మార్చి 30న, ఉగాది రోజున, అక్కడికి బుల్డోజర్లు వచ్చాయి. అడ్డుకున్న విద్యార్థులను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు.

ఆ నేల అడవి కాదని, రెవెన్యూ రికార్డుల్లో ఎక్కడా అలా లేదని ప్రభుత్వం వాదించింది. 'కంచ' అనే మాటకు పశువులు మేసే బీడు అన్న అర్థం ఉన్నది కనుక ఆ వాదనకు భాషాపరమైన ఆధారం కూడా దొరుకుతుంది. అయితే రికార్డు ఏమి చెప్పినా ఆ నేల మీద ఏమున్నదో చెప్పగలవారు ఉన్నారు. విద్యార్థులు, పూర్వవిద్యార్థులు, పక్షి పరిశీలకులు ఏళ్ల తరబడి నమోదు చేసిన జాబితాల్లో రెండు వందలకు పైగా పక్షిజాతులు ఉన్నాయి. చుక్కల దుప్పులు, నక్షత్ర తాబేళ్లు, నెమళ్ల ఉనికికి ఛాయాచిత్రాలున్నాయి. ఆ నేలను కాపాడాలన్న వాదనలో ఈ వివరాలే ముందుకు వచ్చాయి. ఇవేవీ 25 మార్కుల కోసం తయారైనవి కావు. భూవివాదాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైనవీ కావు. ఉదయపు నడకల్లో, తరగతులకు ముందు, ఒక్కో తేదీ కింద ఒక్కో పేరుగా చేరినవి.

ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం తనంతట తానుగా విషయాన్ని విచారణకు స్వీకరించి చెట్ల నరికివేతను నిలిపివేసింది. అక్కడికి వెళ్లివచ్చిన తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారు మధ్యంతర నివేదిక ప్రకారం అప్పటికే సుమారు 100 ఎకరాలు చదును అయిపోయాయి. ఆ ప్రదేశంలో నెమళ్లు, దుప్పులు, పక్షులు కనిపించాయని కూడా ఆ నివేదికలో ఉంది. ఏప్రిల్ 16న ధర్మాసనం ఆ 100 ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో ప్రణాళికతో రమ్మని రాష్ట్రప్రభుత్వాన్ని ఆదేశించింది.